కవిత ఆ ఆట అమ్ముకోలేదు

అమెరికాలో తెలుగువాళ్ళ ఫ్రిజ్జుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. పెరుగు డబ్బాలో పెరుగు ఉండదు. మూత మీద పెరుగనే రాసి ఉంటుంది, వెన్న తీసిందో తియ్యనిదో కూడా రాసి ఉంటుంది. తెరిస్తే దోసకాయ పప్పు. ఇంకోటి తెరిస్తే నానబెట్టిన మెంతులు. ఒకసారి గోరింటాకు కూడా చూశాను. పప్పూ పులుసూ అయి పెరుగన్నం దాకా వచ్చినవాడు నాలుగు డబ్బాలు తెరిచి మూసేసరికి, ఆకలి పోయి అనుమానం మిగులుతుంది. పదహారేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. దీని గురించి ఎవరూ ఏమీ చెయ్యడం లేదు.

అసలు సంగతికి రావడానికి భయమేసి ఇదంతా చెప్పాను. మన్నించండి.

ఎనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మరీ ఊహించుకోకండి. హత్య కాదు, దొంగతనం కాదు. కొలిస్తే సెకనులో పన్నెండో వంతు. అంత చిన్న వస్తువు ఎనిమిదేళ్ళ పాటు ఒక మనిషి గుండె మీద కూర్చోగలదని నాకూ తెలియదు. ఇందులో పేర్లన్నీ మార్చాను. నా పేరు అసలు చెప్పను. మీరెవరో నాకు తెలియదు. ప్రస్తుతానికి మీలో నాకు నచ్చిన గుణం అదే.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. వర్జీనియాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఒక చిన్న కంపెనీలో పని. తెర మీద రెండు బొమ్మలు తన్నుకునే ఆటలు తయారుచేసేవాళ్ళం. రోజుకి ఎనిమిది గంటలు ఆట ఆడటమే నా ఉద్యోగం. వినడానికి బాగుంటుంది. నిజానికి అది ఒకే బొమ్మ చేత ఒకే గోడను మూడు వందల సార్లు గుద్దించి, మూడు వందల ఒకటోసారి బొమ్మ గోడలోంచి అవతలికి దూరిపోతుందేమో చూడటం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ అనేవాణ్ణి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా బొమ్మలతో గడిచేది. శనివారం బట్టలు ఉతుక్కునేవాణ్ణి. ఆదివారం మూర్తి గారిల్లు.

డాక్టర్ మూర్తి గారిది ఆ పక్క ఊరు షాంటిలీ. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే డాక్టరు. ఇండియన్ కొట్లో కరివేపాకు ఏరుకుంటుంటే పరిచయమయ్యారు. "ఒక్కడివేనా?" అన్నారు. ఎన్ని కట్టలు కొంటున్నానో చూసి అడిగారనుకుంటాను. "ఒక్కణ్ణేనండి" అన్నాను. "అయితే ఆదివారం భోజనానికి వచ్చెయ్" అన్నారు. మర్యాదకి అన్న మాట అది. నేను నిజంగానే వెళ్ళాను. తరవాతి ఆదివారం కూడా వెళ్ళాను. మూడో వారం నుంచి వాళ్ళావిడ రమణి ఆంటీ నా కంచం కూడా కలిపి పెట్టడం మొదలుపెట్టారు. ఈ దేశంలో నా కోసం ఎవరైనా ఎదురుచూసిన చోటు అదొక్కటే. అది అప్పటికి నాకు తెలుసు. తెలియకపోతే ఈ కథ ఇలా నడిచేది కాదు.

కవిత వాళ్ళ ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. అప్పుడు ఇరవై ఏళ్ళు, కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. "అంకుల్‌కి హాయ్ చెప్పు" అని వాళ్ళమ్మ ఒక్క మాటతో నన్ను పదేళ్ళు ముందుకు తోసేశారు. బేస్‌మెంట్‌లో ఆమెకొక టీవీ, ఒళ్ళో పెట్టుకునే పెద్ద పెట్టె లాంటి కంట్రోలరు ఉండేవి. ఎడమ చేతికి పిడి, కుడి చేతికి బటన్లు. వర్జీనియాలోనూ చుట్టుపక్కలా జరిగే పోటీలన్నీ గెలిచేది. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక నన్నూ ఓడించేది. ఆ ఆట పరీక్షించడానికి జీతం తీసుకునేవాణ్ణి నేను. ఆమె సోఫాలో కాళ్ళు మడుచుకుని, ఒక పక్క ఫోన్లో మాట్లాడుతూ ఓడించేది.

వాళ్ళ నాన్న ఎప్పుడూ కిందికి దిగేవారు కాదు. పైన పేపరు చదువుకుంటూ ఆ బటన్ల చప్పుడు వింటూ ఉండేవారు. "వానలా ఉంటుందయ్యా" అన్నారొకసారి. అంతకు మించి ఆయన మెచ్చుకోగా నేను వినలేదు.

ఆ ఏడు మా కొత్త ఆట విడుదలకి ప్రచారంగా ఒక మాల్‌లో ఎగ్జిబిషన్ మ్యాచ్ పెట్టారు. స్థానిక చాంపియన్‌కీ, పొద్దున్నపూట రేడియోలో వాగే ఒక పెద్దమనిషికీ పోటీ. చాంపియన్‌గా కవిత పేరు నేనే చెప్పాను. రేడియో ఆయన రెండు వారాలు సాధన చేశానన్నాడు. చూశాను. రెండు వారాలుగా ఒకే బటన్ కొడుతున్నాడు.

మ్యాచ్‌కి మూడు రోజుల ముందు కాఫీ మిషన్ దగ్గర మా మార్కెటింగ్ మేనేజరు, గ్రెగ్ అందాం, కప్పులో పాలు పోసుకుంటూ ఒక మాట అన్నాడు. ఆట చివరిదాకా నడిస్తే బాగుంటుంది, మన అతిథి ముప్పై సెకన్లలో చచ్చిపోతే చూసేవాళ్ళకి ఏం మజా ఉంటుంది అని. అని, కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనెక్కడి నుంచి వచ్చానో చెప్పాలి. మా నాన్న పనిచేసిన ఆఫీసులో పెద్ద సారు "ఎండగా ఉందే" అంటే ముగ్గురు లేచి కిటికీ మూసేవాళ్ళు. పైవాడు ఏదీ చెయ్యమని చెప్పడు, చేస్తే బాగుంటుందంటాడు. మిగతాది మనం అర్థం చేసుకోవాలి. ఆ చదువు నాకు ఒంటికి పట్టినంతగా మరే చదువూ పట్టలేదు. పైగా నా గ్రీన్ కార్డు కాగితాలు ఆ కంపెనీ చేతుల్లో ఉన్నాయి. నా సీటు దగ్గరికి వెళ్ళేలోపు గ్రెగ్ మాట నాకు పనిగా మారిపోయింది.

పని చెయ్యడం చాలా తేలిక. ఇంటర్నెట్‌లో ఆడేవాళ్ళకి కలిగే ఆలస్యాన్ని పరీక్షించడానికి మా ఆటలో ఒక రహస్యపు మెనూ ఉండేది. ఏ ఆటగాడికి ఎంత ఆలస్యం కావాలో అందులో పెట్టుకోవచ్చు. బటన్ ఇప్పుడు నొక్కితే తెర మీద చెయ్యి కాస్త ఆగి లేస్తుంది. తెర మీద సెకనుకి అరవై బొమ్మలు మారతాయి, వాటిని ఫ్రేములంటాం. కుడివైపు ఆటగాడికి ఐదు ఫ్రేములు పెట్టాను. కవిత ఎప్పుడూ కుడివైపే కూర్చుంటుంది. మూడు ఫ్రేములైతే చాలేమో అని ఆలోచించాను కూడా. అంత శ్రద్ధగా చేసిన పని నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

గ్రెగ్‌కి మెయిల్ పెట్టాను: బ్యాలెన్స్ చేశాను, మ్యాచ్ దగ్గరదగ్గరగా ఉంటుందని. "ఆసమ్!" అని జవాబిచ్చాడు. అతను అగ్నిమాపక డ్రిల్లు నోటీసుకి కూడా అదే జవాబిస్తాడని తరవాత తెలిసింది. నేను ఏం చేశానో అతనికి తెలియదు. అడగలేదు, నేను చెప్పలేదు. అంటే నాకెవరూ చెప్పలేదు. ఈ మాట రాయడానికి ఇంత సేపు పట్టింది.

మరి కవిత మీద నాకేమైనా కోపం ఉందా? ప్రతి ఆదివారం ఓడిపోతున్నందుకు లోపలెక్కడో చురుకు ఉండి ఉంటుందా? అంత నీచుణ్ణి కాననే అనుకుంటున్నాను. అయితే ఆ మాట మీద పందెం మాత్రం కాయను.

శనివారం మధ్యాహ్నం మ్యాచ్. మూర్తి గారు వచ్చారు. కూతురి ఆట చూడటానికి మొట్టమొదటిసారి రావడం. సూటు వేసుకొచ్చారు. తోటి తెలుగు డాక్టర్లని ఇద్దరిని వెంటపెట్టుకొచ్చారు. రమణి ఆంటీ డబ్బాలో లడ్డూలు తెచ్చారు. మాల్‌లో, చెప్పుల కొట్టుకీ ఐస్‌క్రీమ్ కొట్టుకీ మధ్య, మడత కుర్చీల్లో మొదటి వరసలో కూర్చున్నారు. వాళ్ళని చూసిన క్షణంలో నేను లేచి ఆ మెనూలోకి వెళ్ళి ఆ ఐదుని సున్నా చెయ్యొచ్చు. పది సెకన్ల పని. వైర్లు సర్దుతున్నట్టు వంగి, మళ్ళీ లేచాను. ఏమీ చెయ్యలేదు. ఎందుకు?

ముందు మూడు ఆటలు గెలిచినవాళ్ళది మ్యాచ్. మొదటి రెండూ కవిత ఓడిపోయింది. ఏదో మొదటిసారి కంట్రోలరు పట్టుకున్న మనిషిలా. తెర వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. మూడో ఆటకి ఏదో మారింది. ప్రతి బటనూ ముందే నొక్కడం మొదలుపెట్టింది. దెబ్బ రాకముందే అడ్డుపెట్టింది, ఎదుటివాడు కదలకముందే కొట్టింది. కారణం తెలియకుండానే ఐదు ఫ్రేములు కొలిచి పట్టుకుంది ఆ పిల్ల. మూడూ నాలుగూ గెలిచింది. ఐదో దాంట్లో రేడియో ఆయన కంగారులో తప్పు బటన్ కొట్టాడు. ఎవరూ ముందే ఊహించలేని దెబ్బ అది. చూశాకే ఆపాలి. చూసి ఆపడానికి ఆమెకి టైము లేదు, ఎందుకంటే అది నా దగ్గర ఉంది.

మ్యాచ్ రేడియో ఆయనదయింది. జనం చప్పట్లు కొట్టారు. గ్రెగ్ నా భుజం తట్టాడు. పార్కింగ్‌లో కవిత నా దగ్గరికొచ్చి, ఇవాళ పెట్టిన గేమ్ బిల్డ్‌లో ఏమైనా ప్రాబ్లమ్ ఉందా, బటన్స్ లేట్‌గా అనిపించాయి అంది. "టెన్షన్ అయ్యుంటుందమ్మా" అన్నాను. కాసేపు తన చేతుల్ని చూసుకుని, "యా, మే బీ" అంది.

ఆ వారంలోనే ఇంటర్నెట్‌లో ఆట మనుషులు పోగయ్యే చోట మొదలైంది. మొదటి రెండూ కావాలని ఓడిపోయింది, జనం గోల చేస్తారని రెండు గెలిచింది, చివరిది ఇచ్చేసింది, ముందే రాసుకున్న నాటకం అని. ఎవరో వీడియో పెట్టి ఆమె చేతుల చుట్టూ సున్నాలు చుట్టారు. ఇదిగో చూడండి, దెబ్బ రాకముందే అడ్డుపెడుతోంది, ఏ దెబ్బ వస్తుందో ముందే తెలిస్తే తప్ప ఎలా సాధ్యం? చూడటానికి నిజంగా అలాగే ఉంది. నాకు తెలియకపోతే నేనూ నమ్మేవాణ్ణి.

నాకు నిద్ర పట్టలేదు. ఏదైనా చెయ్యాలనిపించింది. నిజం చెప్పడం తప్ప ఏదైనా. కవిత మా కంపెనీలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేసి ఉంది. నేను గ్రెగ్ వెంటపడి, ఇంకో ఇద్దరి వెంటపడి, మన పిల్ల, చాలా తెలివైనదని రెండు పేజీల ఉత్తరం రాసి, ఆమెకి అది ఇప్పించాను. మ్యాచ్ అయిన మూడో వారంలో ఆఫర్ లెటర్ వాళ్ళింటికి చేరింది. దానితో అందరూ వెతుకుతున్న సాక్ష్యం దొరికింది. దొరకబుచ్చుకుని, కవరులో పెట్టి, స్టాంపు వేసి పంపింది నేను.

ఆ ఆదివారం ఇంకా గుర్తుంది. గుత్తివంకాయ, ముద్దపప్పు. కవిత కాలేజీ నుంచి వచ్చింది. మూర్తి గారు అన్నం కలపకుండా కూర్చున్నారు.

"ఉద్యోగం కోసం ఆట ఓడిపోయావు" అన్నారు. గొంతు పెంచలేదు.

"నో, డాడీ."

"పాతికేళ్ళుగా ఆపరేషన్ థియేటర్‌లో చప్పుడు వింటూ బతుకుతున్నానే. మనిషి పడుకుని ఉంటాడు, మాట్లాడడు. చప్పుడు మారితే మారిందని నాకు తెలుస్తుంది. నీ బటన్ల చప్పుడు నాకు తెలియదా? ఆ రోజు అది నీ చప్పుడు కాదు. కావాలని వేరేలా కొట్టావు."

"డాడీ, ఐ వాజ్ ట్రైయింగ్! నాకే తెలీలేదు ఏమవుతుందో!"

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు ఆ కంపెనీ వాడివి. నువ్వే చెప్పు. మిషన్‌లో ఏమైనా తేడా ఉందా ఆ రోజు?"

నా నోట్లో ముద్ద ఉంది. కవిత నా వంకే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. అది ఉంటే బాగుండేది. అంకుల్ చెప్తాడు, సరిపోతుంది అన్న నమ్మకం ఉంది. రమణి ఆంటీ గరిటె పట్టుకుని నిలబడ్డారు. ముద్ద మింగాను.

"లేదండి" అన్నాను.

అంతే. రమణి ఆంటీ ఇంకాస్త పప్పు వేశారు. నేను తిన్నాను.

అప్పుడు నా మనసులో ఏముందో నిజాయితీగా తవ్వి చూసుకున్నాను, చాలాసార్లు. వీసా ఉంది, ఉద్యోగం ఉంది, నిజమే. అయితే వాటికన్నా పైన, అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చిన ఆలోచన వేరు. నిజం చెప్తే వచ్చే ఆదివారం ఎక్కడ తింటాను? ఒక మనిషి కూతురి పరువు ఒక వైపు, నా కంచం ఒక వైపు. కంచం బరువుగా తూగింది. మీరు ఎప్పుడైనా వారంలో ఆరు రోజులు ఎవరితోనూ తెలుగులో మాట్లాడకుండా గడిపారా? గడిపి ఉంటే కాస్త అర్థం చేసుకుంటారేమో అని అడుగుతున్నాను. క్షమించమని కాదు.

కవిత ఆ ఇంటర్న్‌షిప్ తీసుకోలేదు. కంప్యూటర్లు మానేసి లెక్కల వైపు మారింది. బేస్‌మెంట్‌లో కంట్రోలరు మీద ఎవరో దుప్పటి కప్పారు. చదువయ్యాక ఆరెగాన్‌లో పోర్ట్‌లాండ్ వెళ్ళి హైస్కూల్లో లెక్కల టీచరయింది. ఇదంతా నా వల్లే అని చెప్పుకుంటే అదీ ఒక రకం గొప్పే. బహుశా లెక్కలంటే ఇష్టమేమో. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోవడం మాత్రం వాతావరణం దగ్గర ఆగిపోయింది. వర్జీనియాలో ఎండ, ఆరెగాన్‌లో వాన.

నేను మూడేళ్ళ పాటు ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను. కవిత ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను. నాకు అది అలవాటుగా మారింది, వాళ్ళకి నేను ఓదార్పుగా మారాను. "పిల్లలంటే నీలా ఉండాలయ్యా, దాపరికం లేకుండా" అన్నారొకసారి మూర్తి గారు. నేను నీళ్ళు తాగాను. గ్రీన్ కార్డు వచ్చిన రోజు చెప్పేద్దామనుకున్నాను. వచ్చింది. రమణి ఆంటీ పాయసం చేశారు. పాయసం తింటూ చెప్పే విషయమా అది?

తరవాత ఆ కంపెనీ మూతపడింది. నాకు ఉత్తరాన, కార్ల కంపెనీలుండే నోవైలో పని దొరికింది. కార్లలో ఉండే టచ్ స్క్రీన్లు పరీక్షించే పని. వేలు తగిలినప్పటి నుంచి తెర పలికేదాకా ఎంత సేపు పట్టిందో కొలవాలి. దేవుడికి హాస్యం ఉందని కొందరంటారు. నాకన్నా మొరటు హాస్యం అనుకుంటాను.

ఇక్కడ ఐదు చలికాలాలు గడిపాను. అపార్ట్‌మెంట్ ముందు మంచు తవ్వి కారు బయటికి తీస్తాను. సాయంత్రం తెచ్చి మళ్ళీ మంచులోనే పెడతాను. ఆదివారం నాడు ఎవరూ పిలవరు. నేనూ పిలిపించుకోను. మూర్తి గారు మాత్రం పండగలకి ఫోన్ చేస్తారు.

కిందటి నెలలో కొత్త స్క్రీన్ ఒకటి బయటి మనుషుల చేత పరీక్షించాం. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ వచ్చింది. రేడియో బటన్ మీద వేలు పెట్టింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. అప్పుడు రెండూ ఒకేసారి పలికి, ఏదో స్టేషన్ గట్టిగా మోగింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, నావైపు తిరిగి సారీ చెప్పింది. నా వేళ్ళు ముసలివైపోయాయి, తప్పు నాదే అంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది. నాకు తెలుసు. నా ముందున్న కాగితం మీద అంకెలతో సహా ఉంది. ఆవిడ తన వేళ్ళ వంక చూసుకుంటోంది. ఆ చూపు నేను అంతకు ముందొకసారి చూశాను, పార్కింగ్‌లో.

"కాదండీ, మీ వేళ్ళు బాగానే ఉన్నాయి, స్క్రీనే ఆలస్యం" అని ఆవిడకి చెప్పాను. చెప్పడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఇంత చిన్న పనా? ఎనిమిదేళ్ళు చెయ్యలేని పని ఇదేనా?

ఆ శనివారం మధ్యాహ్నం కవితకి ఫోన్ చేశాను. నంబరు రమణి ఆంటీ దగ్గర ఏదో సాకు చెప్పి తీసుకున్నాను. ఆ సాకు ఏమిటో కూడా ఒప్పుకోవాలేమో, వదిలెయ్యండి. ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు. నేనెవరో చెప్పాను. "ఓ, అంకుల్! హౌ ఆర్ యూ?" అంది, నిజంగా సంతోషంగా. ఇప్పుడు నాకు ముప్పై తొమ్మిది. ఆ పిలుపు సరిగ్గా సరిపోయింది.

కాఫీ మిషన్ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మెనూ, కుడివైపు, ముద్దపప్పు, లేదండి. జోకులు వెయ్యకుండా చెప్పడానికి ప్రయత్నించాను. ఒకటి రెండు పడ్డాయి. వెనకాల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని ఫ్రేమ్స్?" అంది.

"ఐదు."

"ఫైవ్" అంది నెమ్మదిగా. "ఫైవ్‌తో రెండు గెలిచాను నేను."

"గెలిచావు."

అవతల కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నేను కిటికీలోంచి మంచు చూస్తూ నిలబడ్డాను. సిగ్గుపడాల్సిన విషయం ఒకటి చెప్తాను, ఇది కూడా మీతోనే. అంత సేపూ నాకు ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. ఆ పిల్ల అక్కడ ఏమైపోతోందో తెలియకుండా నేనిక్కడ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మీకు చెప్తున్నప్పుడు కూడా అలాగే ఉంది. తప్పు అలాగే ఉంది, నేను మాత్రం కొంచెం తేలికయ్యాను. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు.

"క్షమించమని అడగడం లేదమ్మా" అన్నాను చివరికి. "నువ్వు అమ్ముడుపోలేదని చెప్పాలనిపించింది."

"అది నాకు తెలుసు కదా అంకుల్" అంది కవిత. "తెలియనిది డాడీకి. మీకు డాడీకి చెప్పే గట్స్ లేవు. అందుకే నాకు చెప్తున్నారు."